నుదుటి చర్మంతో ముక్కు

పెద్దదోర్నాలలో శ్రీశైలం బస్సెక్కబోతుంటే పక్కనెవరైనా తుమ్మితే, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తుమ్మిన మనిషికి ముక్కు దిబ్బడేసి, రాత్రంతా నోటితో ఊపిరి పీలుస్తున్నాడేమోనని మాత్రం ఎవరూ అడగరు.

ముక్కు చుట్టూ ఇంకో నమ్మకముంది: ఆడపిల్ల ముక్కు వంకరైతే నింద తల్లిదే. పసితనంలో నీళ్లు పోసేటప్పుడు సరిగ్గా లాగలేదంటారు. ఆ భయంతోనే పసిగుడ్డును కాళ్ల మీద వేసుకుని దూలం నొక్కి లాగడం, రంధ్రాల్లో నూనె చుక్కలు వేసి ఊదడం. లాగితే ముక్కు తీరు మారదు. అది తల్లిదండ్రుల పోలికతో వచ్చేది, పదహారు పదిహేడేళ్ల దాకా పెరిగేది. రెండు రంధ్రాల మధ్య ఉండే లోపలి గోడ వంగేది పుట్టుకతోనో, దెబ్బ తగిలో, ఎదుగుదలలోనో. నూనె మాత్రం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా తేవచ్చు.

ముక్కుకు ఆపరేషన్ అనగానే ఇంకో మాట వస్తుంది: నుదుట రాసింది కత్తితో పోతుందా అని. దానికి జవాబు ఒక పాత సంగతిలో ఉంది. 1792 నాటి యుద్ధంలో కావస్జీ అనే బండి తోలే మనిషి ఇంగ్లీషు సైన్యం వెంట వెళ్లి టిప్పు సుల్తాన్ సైనికులకు చిక్కాడు. ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. తర్వాత పూణె దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు మైనపు రేకుతో కొలత తీసుకుని, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీసి, ఆ చర్మాన్ని కోశాడు. రక్తం అందేలా కనుబొమల మధ్య చిన్న ముక్క అంటిపెట్టి ఉంచి, కిందికి తిప్పి ముక్కు కట్టాడు. 1794 అక్టోబరులో లండన్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. 1814లో కార్ప్యూ అనే డాక్టరు అక్కడ అదే పద్ధతి చేసి చూపాడు. బ్రహ్మరాత ఉందనుకునే చోటి నుంచే ముక్కు వచ్చింది. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడి పేరు చెప్పి గర్వపడేవాళ్లు ఈ ఇటుకల పనివాణ్నీ తలుచుకోవాలి.

ఈనాడు వంగిన గోడను చాలావరకు రంధ్రాల లోపల్నుంచే సరిచేస్తారు. బయట మచ్చ ఉండదు. కానీ తుమ్ములు ఎలర్జీవైతే గోడ సరిచేసినా ఆగవు, వాటికి ముక్కులో కొట్టుకునే మందు కావాలి. మార్కాపురం పలకల గనుల్లో దుమ్ము పీల్చి ఆయాసపడేవాడి జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటుంది. అతని ముక్కు కోసి ఉపయోగం లేదు.

అందం కోసం చేసేది వేరే ఆపరేషన్. ముక్కు ఎదుగుదల ఆగాక, తనకే కావాలనిపిస్తే అది ఆ పిల్ల ఇష్టం. సాముద్రికం ఒప్పలేదనో, పెళ్లికొడుకు తరఫువాళ్లు వంక పెట్టారనో ఇంట్లోవాళ్లు ఆపరేషన్ బల్ల ఎక్కిస్తామంటే, డాక్టరు ముందు ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి.