సముద్రానికి సెలవు సరే, ఆమె పొయ్యి మాటేమిటి?

మా వీధికి పాతికేళ్ళుగా చేపలు తెచ్చే పెద్దావిడ ఒకామె ఉంది. విశాఖ హార్బరులో తెల్లవారుజామునే పాటలో కొనుక్కుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఏడింటికల్లా మా గుమ్మంలో ఉంటుంది. పోయిన వేసవిలో ఓ రోజు వంజరం ఉందా అని అడిగాను. "ఎక్కడిది తల్లీ, బోట్లు కట్టేసినారు కదా. సెరువు సేపుంది, కొయ్యమంటావా?" అంది. "పోనీలే, సముద్రానికీ కాస్త విశ్రాంతి కావాలిగా" అన్నాను నేను, ఏదో తెలిసినదానిలా. "దానికి సరే, మాకేటి?" అనేసి తట్ట ఎత్తుకుంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు తూర్పు తీరంలో మరబోట్లూ ఇంజను పడవలూ వేటకి వెళ్ళకూడదు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. ఇందులో ఆర్థికశాస్త్రం ఏముందంటారా? చాలా ఉంది. సముద్రంలో వదిలేసిన చేప బ్యాంకులో వేసిన సొమ్ములాంటిది. ఎదుగుతుంది, బరువు తూగుతుంది, పిల్లల్ని పెడుతుంది. చాలా రకాల్లో ఓ పెద్ద తల్లిచేప పెట్టే గుడ్లు, అంతే బరువుండే చిన్న తల్లిచేపలన్నీ కలిసి పెట్టే వాటికంటే ఎక్కువ. వడ్డీ తీసుకుని అసలు ముట్టకుండా ఉంటే తరతరాలు తినొచ్చు.

కాకపోతే ఈ ఖాతా ఎవరి పేరునా లేదు. నేను వదిలిన చేప రేపు పక్క బోటువాడి వలలో పడితే నాకొచ్చేదేమిటి? అందుకే అందరూ ముందు పట్టేద్దామనే చూస్తారు. వల కన్ను చిన్నదవుతుంది, బోటు ఇంకా లోపలికి వెళ్తుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. వలలో పడేది మాత్రం వేలెడు పిల్లచేపలు. కోళ్ళ దాణాకీ, రొయ్యల మేతకీ పోయే సరుకన్నమాట. ఇలా ఎగబడి పట్టడంవల్ల 2012 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం 8,300 కోట్ల డాలర్ల లాభం పోగొట్టుకుందని ప్రపంచ బ్యాంకు 2017లో లెక్క తేల్చింది. తక్కువ బోట్లతో, తక్కువ డీజిల్‌తో ఇంతకన్నా ఎక్కువ సంపాదించవచ్చని దాని సారాంశం.

మరి సముద్రం కోలుకునేదాకా తినేదేమిటి? కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. కాడ్ చేప అక్కడివాళ్ళకి కొన్ని వందల ఏళ్ళుగా అన్నం పెట్టింది. 1968లో ఒక్క ఏడాదిలో 8 లక్షల టన్నులకు పైగా పట్టారు. ఆ తర్వాత వలలు ఖాళీగా రావడం మొదలైంది. 1992 జూలై 2న ప్రభుత్వం వేట ఆపించింది. రెండేళ్ళే అన్నారు. వాణిజ్య వేట మళ్ళీ తెరవడానికి 2024 దాకా పట్టింది! అంటే 32 ఏళ్ళు. దాదాపు 30 వేలమంది పని పోయింది. వాళ్ళలో చేపలు కోసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీల ఆడవాళ్ళు బోలెడుమంది. 1994లో మొదలైన ఒక్క పథకానికే 190 కోట్ల కెనడా డాలర్లు పోశారు. ఈలోగా పీతలు, రొయ్యలు కొన్ని ఊళ్ళని ఆదుకున్నాయి గానీ చాలామంది ఇళ్ళకి తాళాలేసి వెళ్ళిపోయారు. అసలు తినేశాక వడ్డీ కోసం ఎదురుచూడటమంటే అదీ!

ఆ లెక్కన మన 61 రోజులు చౌకే. నేను నిషేధాన్ని తప్పుపట్టడం లేదు. ఇంకా చెప్పాలంటే, అదొక్కటే చాలదనే అంటాను. జూన్ 15న బోట్లన్నీ ఒక్కసారిగా బయల్దేరాక మిగిలిన పది నెలలూ పట్టిందే పట్టు. పైగా డీజిల్ రాయితీని 2019లో లీటరుకి 6.03 రూపాయల నుంచి 9 రూపాయలకి పెంచారు. రాయితీ లేకపోతే బోటు నడవదని వాళ్ళ గోడు, అదీ నిజమే. కానీ ఓ చేత్తో వేట ఆపి, ఇంకో చేత్తో వేటకి నూనె పోస్తున్నట్టు లేదూ?

ఇక మా పెద్దావిడ ప్రశ్న. నిషేధ భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకి పెంచింది. మంచిదే. కానీ అది బోటెక్కి వేటకెళ్ళేవాళ్ళ లెక్క. ఒడ్డున పాట పాడి కొనేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, ఎండుచేపలు ఆరబెట్టేవాళ్ళు, తట్ట మోసేవాళ్ళు ఆ లెక్కలోకి రారు. ఇంట్లో మగవాడు వేటకెళ్తే ఆ డబ్బు పొయ్యి దాకా వస్తుందని ఆశపడొచ్చు. ఈమెకి భర్త పోయాడు, కొడుకు తాపీపనికి వెళ్తాడు. సముద్రం మూసినప్పుడల్లా ఆమె నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెస్తుంది. చేప సముద్రంలో వడ్డీ పెంచుతూంటే, ఆ వడ్డీకి వడ్డీ ఒడ్డున ఈమె కడుతోందన్నమాట.

హార్బరులో పాట పాడే ఆడవాళ్ళ పేర్లు ఓ రిజిస్టరులోకి ఎక్కించడం అంత కష్టమా? తెల్లవారుజామున నాలుగింటికి వెళ్తే అందరూ అక్కడే కనిపిస్తారు.

వేట తెరిచిన వారానికి ఆమె వంజరం తెచ్చింది. బేరం ఆడబోయి ఆగాను. "ఈసారి అప్పెంత చేశావు?" అని అడిగాను. "ఎనిమిదేలు తల్లీ. దసరాకి తీరిపోద్ది, సేపలు పడితే" అంది, కత్తిపీట ముందుకు లాక్కుంటూ.