గోడలో గూడు... తీసే ముందు తట్టి చూడండి

పాత పెంకుటిళ్లలో మట్టిగోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉండేవి. గుమ్మం పక్కన దీపానికో గూడు, వంటింట్లో ఉప్పుజాడీకో గూడు ఎన్ని తీసినా గోడకు లెక్కుండేది కాదు. ఇప్పటి ఫ్లాట్లలో లోపలి గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఇటుక వరసే. వాటిని చెక్కితే బలం పోతుంది, ఆ పని వద్దు. కానీ హాల్‌ను రెండు గదులు చేసుకోవడానికి జిప్సం బోర్డు పార్టిషన్ కట్టించుకున్నారా? అయితే మీకు ఆ ముచ్చట తీరే దారుంది. ఎందుకంటే ఆ గోడ లోపలంతా ఖాళీయే.

స్టడ్ ఎక్కడుంది?

ముందు గోడను తట్టండి. డొల్లగా మోగిన చోట లోపల ఖాళీ ఉన్నట్టు. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరుపుతూ వెళ్తే స్క్రూలున్న చోట అంటుకుంటుంది. అవి ఒకదాని కింద ఒకటి వరసగా దొరికితే అక్కడ నిలువు స్టడ్ ఉందన్నమాట. మన దగ్గర ఇవి సాధారణంగా రెండేసి అడుగుల దూరంలో ఉంటాయి. గూడు వెడల్పును రెండు స్టడ్‌ల మధ్యే సరిపెట్టుకోండి. స్టడ్‌ను మాత్రం కోయనివ్వకండి.

లోతు మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. గోడ మందం మూడంగుళాలైతే, అవతలి బోర్డు అరంగుళం వదిలేయాలి. గట్టిదనం కోసం దాని మీద మరో బోర్డు వేస్తే మిగిలేది రెండంగుళాలే. ఫొటో ఫ్రేములకు, చిన్న కొండపల్లి బొమ్మలకు అది చాలు. ఇంకా లోతు కావాలంటే గూడు చుట్టూ ఫ్రేమును ముందుకు పెంచుకోవచ్చు.

కోసేటప్పుడు...

ఆ గదికి కరెంటు ఇచ్చే ఎంసీబీ కట్టేయండి. గోడకు రెండు వైపులా స్విచ్‌బోర్డులు, ఏసీ నీళ్ల పైపు ఎక్కడున్నాయో చూసుకోండి. ముందుగా అరచేయంత ముక్క కోసి, టార్చి వేసి లోపలికి చూడాలి. వైరో, పైపో కనిపిస్తే చోటు మార్చుకోవడమే మేలు. మిషన్ రంపం కాకుండా చేతిరంపంతో నెమ్మదిగా కోయించండి. పైనా కిందా అడ్డంగా ఛానెల్ ముక్కలు బిగించి, లోపలి అన్ని వైపులా బోర్డు వేయించాలి. అంచులకు కార్నర్ బీడు, అతుకులకు టేపు, జాయింటింగ్ కాంపౌండ్ పట్టించి, పూర్తిగా ఆరాక ఉప్పుకాగితం రుద్ది, ప్రైమర్, రంగు వేస్తే సరి. చప్పుడు వినిపించకుండా లోపల గ్లాస్ వూల్ పెట్టించి ఉంటే గూడు మేర అది తీసేయాల్సి వస్తుంది. పడకగది గోడైతే ఒకసారి ఆలోచించుకోండి.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు దేవుడి గూడు తీయించుకుంటామంటే ఒక్క మాట చెప్పండి. అక్కడి ఇళ్లలో ఎక్కువగా చెక్క స్టడ్‌లు పదహారంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి, మధ్యలో దొరికేది పద్నాలుగున్నర అంగుళాలు. లోతు మూడున్నర. అయితే ఇంటి బరువు మోసే గోడలకూ పైన ఇదే బోర్డు ఉంటుంది. చూపుకు తేడా తెలియదు కాబట్టి తెలిసినవారికి చూపించాకే రంపం పట్టాలి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తప్పనిసరి.

దీపం మాత్రం బయటే

గూడు అనగానే దీపం పెట్టాలనిపిస్తుంది. మట్టిగోడకు అది చెల్లింది, ఈ గోడకు చెల్లదు. జిప్సం బరువులో దాదాపు అయిదో వంతు నీరే. అగ్నిప్రమాదంలో ఆ నీరు ఆవిరవుతూ మంటను కాసేపు నిలువరిస్తుంది. కానీ ఇరుకు గూట్లో రోజూ దీపం సెగ తగిలితే పైబోర్డులో నీరు ఇంకిపోయి సుద్దలా రాలుతుంది. పైనున్న కాగితం మాడుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంటుంది. గూట్లో పటం, చిన్న ఎల్‌ఈడీ బల్బు ఉంచండి. వత్తి దీపాన్ని గూటికి దూరంగా, ముందు పీట మీద ఇత్తడి పళ్లెంలో వెలిగించండి. గోడా నిలుస్తుంది, మీ మనసూ నిశ్చింతగా ఉంటుంది.