నడకొక్కటే చాలదు

కీళ్లు బిగుసుకోవడం కనిగిరికి కొత్త కాదు. కనిగిరి అప్పట్లో ఉన్న నెల్లూరు జిల్లాలో ముందు ఎద్దులు నడవలేకపోవడాన్ని రైతులు గమనించారు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఈ ఫ్లోరోసిస్ మనుషుల్లోనూ ఉందని 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం నమోదు చేసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఏళ్ల తరబడి బాగా మించితే మెడ తిరగకపోవచ్చు, నడుం వంగకపోవచ్చు. అది రాకుండా ఆపేది వ్యాయామం కాదు, మంచినీళ్లే.

అయితే నీళ్లు బాగున్నవాళ్లూ వాకింగుతో సరిపెట్టుకుంటున్నారు. నడకలో చెయ్యి తల దాటి లేవదు, మోకాలు పూర్తిగా వంగదు. వాడని కదలిక క్రమంగా తగ్గిపోతుంది. అందుకే రోజూ చేతులు చెవుల పక్కగా పైకెత్తండి, చీలమండలు తిప్పండి, వీలైతే గొంతుక్కూర్చుని లేవండి. నొప్పి పుడితే ఆపి, డాక్టరును అడగండి. ఏ కీలుకు ఏ కసరత్తో ఈ సంచికలో బొమ్మలతో ఇచ్చాం.

– సంపాదకుడు