మొక్కతో వచ్చెడి శత్రువు

సౌదీ అరేబియా రాజచిహ్నమున రెండు ఖడ్గములపైన ఖర్జూరవృక్షము నిలిచియున్నది. మనకు కొబ్బరిచెట్టు ఎట్టిదో ఆ దేశీయులకు ఖర్జూరము అట్టిది. అచటి అల్ అహ్సా ఒయాసిస్సున సుమారు 25 లక్షల చెట్లు కలవు. 2018లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. అట్టి దేశపు తోటలను నేడు ఎఱ్ఱముక్కు పురుగు పీడించుచున్నది.

ఇది ఎడారిలో పుట్టిన పురుగు కాదు. దక్షిణాసియా కొబ్బరితోటలకు, మన పూర్వులు విడిచివచ్చిన కోస్తాసీమకును, ఇది పాతశత్రువే. సౌదీ తూర్పు ప్రాంతమందలి కతీఫ్‌లో 1987లో కనబడెను. 1990వ దశకమున ఈజిప్టు, స్పెయిన్ దేశములకును ప్రాకెను. దీనికి రెక్కలున్నను సముద్రములు దాటు శక్తి లేదు. పురుగున్న పిలకలను, చెట్లను తరలించిన మానవుడే దీనికి వాహనమయ్యెను.

తల్లిపురుగు మానుపై నున్న గాయములలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు లోనికి తొలుచుకొనిపోయి మెత్తని భాగమును తినును. పైకి ఆకులు పచ్చగానే యుండును. గోధుమరంగు ద్రవము కారి, నమలిన పీచు వెలుపలికి వచ్చునప్పటికి పెక్కుసారులు చెట్టు దక్కదు. కావున మందు చల్లినచో చాలునను నమ్మకము తగదు. పురుగును రానీయకుండుటయే మేలైన మందు.

ద్వీపవాసులమైన మనకు ఈ పాఠము క్రొత్తది కాదు. సింహళమునుండి రబ్బరు మొక్కలతో కొమ్ముపురుగు 1909లో సమోవా చేరెను. 1953లో ఫిజీకి, 1962లో మారిషసుకు వచ్చి కొబ్బరి మొవ్వులను తొలిచెను. అది చేసిన గాయమే ఎఱ్ఱముక్కు పురుగునకు వాకిలి యగును.

“ఒక్క మొక్క తెచ్చినంతమాత్రమున ఏమగును?” అని కొందఱు అందురు. చేటు ఆ ఒక్కదానితోనే ఆరంభమగును. అయినను పట్టుదల యున్నచో జయము కలదు. స్పెయిన్‌కు చెందిన కానరీ ద్వీపములలో 2005లో ఈ పురుగు కనబడగా, ప్రభుత్వము పరదేశపు చెట్ల దిగుమతిని ఆపి, పురుగు పట్టిన చెట్లను వెదకి నరికించెను. 2016 నాటికి ఆ ద్వీపములు విముక్తి పొందెను. చుట్టును సముద్రమున్నవారికి అది కోటగోడ. ద్వారము తెఱచువారము మనమే.

కావున పాఠకులకు మా మనవి. భారతదేశమునుండి గాని, గల్ఫు దేశములనుండి గాని తిరిగివచ్చునపుడు కొబ్బరి, ఖర్జూర, తాటి మొక్కలను మూటలో తేవలదు. పుణ్యస్థలమునుండి తెచ్చినదైనను పురుగు భక్తిని చూడదు. గుడి ఆవరణమున నాటుటకు స్థానికముగా పెంచిన మొక్కనే కొనుడు. పడిన మానులను క్రుళ్ళనీయకుడు. కొమ్ముపురుగు వానిలోనే పెరుగును. మానుపై గాయము చేయకుడు. ద్రవము కారుట కనబడినచో వెంటనే వ్యవసాయశాఖవారికి తెలుపుడు. దేవునికి కొట్టు టెంకాయ మన పెరటిదే కావలెనన్నచో, పెరటిచెట్టును కాచుకొనుట మన విధి.