థీమ్ పార్కుల్లో స్పానిష్ పాట

అమెరికా థీమ్ పార్కుల్లో స్పానిష్ వినిపించడం కొత్త సంగతేమీ కాదు. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో మేటర్‌హార్న్ బండి ఎక్కినవారిని కదలకుండా కూర్చోమనే ప్రకటన ఇంగ్లిషుతో పాటు స్పానిష్‌లోనూ వస్తుంది. ఆ స్పానిష్ వాక్యం టీ షర్టుల మీదికి కూడా ఎక్కింది. అయితే జాగ్రత్తలు చెప్పడం వేరు, వినోదం పంచడం వేరు.

వినోదంలో సంగీతానిదే పైచేయి. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్కాట్‌లో మెక్సికో మంటపం 1982లో తెరుచుకున్నప్పటి నుంచి మరియాచి కోబ్రే బృందం అక్కడ పాడుతోంది. భాష రానివారు కూడా ఆగి వింటారు. 2013లో డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో మొదలైన ‘వివా నావిదాద్’ క్రిస్మస్ వేడుకలో డోనాల్డ్ డక్ పక్కన మెక్సికో కోడిపుంజు పంచీటో చిందేస్తాడు. (ఈ ఇద్దరితో కలిసే మూడో నేస్తం హోసే కరియోకాది బ్రెజిల్, అంటే అతని భాష పోర్చుగీసు. వేడుక ఆ తేడాను పెద్దగా పట్టించుకోదు.)

మాటల ప్రదర్శన అంత తేలిక కాదు. ప్రతి హాస్యాన్నీ రెండు భాషల్లో చెబితే పట్టు సడలుతుంది. ఒక పాత్ర స్పానిష్‌లో అడిగి, ఇంకొకటి ఇంగ్లిషులో బదులిస్తే కథ సాగిపోతుంది.

ఇక ప్రేక్షకుల సంగతి. 2020 జనగణన ప్రకారం అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ భాషా దేశాల మూలాలున్న) జనాభా 6.2 కోట్లు. వీరందరి అభిరుచీ ఒకటి కాదు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో మెక్సికో మూలాలవారు ఎక్కువ కనుక అక్కడ మెక్సికో సంగీతమైన మరియాచికి ఆదరణ. ప్యూర్టో రికో కుటుంబాలు స్థిరపడిన ఓర్లాండోలో సాల్సా మోగాలి.