పదిమందిలో పాము

పెళ్లివారింట పనులకు లెక్క వుండదు. శుభలేఖలు అచ్చు వేయించాలి, పురోహితునికి కబురు పెట్టాలి, వంటవాళ్లకు బయానా యివ్వాలి, విడిది చూడాలి. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న పనులే. అయినా ముహూర్తం ముంచుకొచ్చాక “జీలకర్రా బెల్లం యేవండీ?” అని పంతులుగారు అడిగేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మామయ్య తెచ్చాడని బాబాయి, బాబాయి తెచ్చాడని మామయ్య! పని కష్టమై చెడలేదు. ఒక చేతినుంచి మరో చేతికి మారేచోట జారిపోయింది, అంతే.

మన పిల్లలు హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, సముద్రాల కావలా చేస్తున్న కంప్యూటరు ఉద్యోగాలలో పెద్ద బెడద యిదేనంటే ఆశ్చర్యపోకండి. ఆ కంపెనీలలో ప్రోగ్రాములు రాసే ఇంజనీర్లు కొందరు, వాటిని కనిపెట్టుకుని నడిపించేవారు కొందరు. రాత్రింబవళ్లు ఆగకుండా లోకానికి పనిచేసిపెట్టే పెద్ద కంప్యూటర్లను సర్వర్లంటారు. కొత్త ప్రోగ్రామును వాటిమీదికి ఎక్కించాలంటే ఎన్నో మెట్లు. మరొకరు చదివి సరిచూడాలి, పరీక్షించాలి, పైవారు సరేననాలి, పాతదాని నకలు దాచాలి, ఒక్కొక్క సర్వరుమీదా ఎక్కించాలి, ఎక్కిందో లేదో మళ్లీ చూసుకోవాలి.

ఈ మెట్లన్నీ వరుస తప్పకుండా కంప్యూటరు తనంతట తానే ఎక్కేటట్టు చేసే ఏర్పాటును ఆటోమేషన్ అంటున్నారు. యాంత్రీకరణ అని తెనిగించవచ్చుగాని, ఆ మాట వినగానే మగ్గం మూలపడి మిల్లు లేచిన దృశ్యం కళ్ల ముందు కదులుతుంది. ఇక్కడ యంత్రం చేసేది అంత ఘనకార్యమేమీ కాదు. ఏ మెట్టూ మరిచిపోకుండా వుండడం, అంతే.

ఒక్క మెట్టు మరిచిపోతే యేం మునిగిపోతుందని అడుగుతారా? మునిగిన వైనం చెబుతాను, చిత్తగించండి.

అమెరికాలో నైట్ కాపిటల్ అని షేర్ల వ్యాపారంలో ఆరితేరిన సంస్థ ఒకటి వుండేది. 2012 జులై చివరలో అక్కడ ఒక కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లమీదికి ఎక్కించవలసి వచ్చింది. ఆ పని చూసిన వుద్యోగి ఏడింటిమీద ఎక్కించి, ఎనిమిదోదాన్ని వదిలేశాడు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం ఆ సంస్థలో ఎక్కడా రాసిలేదు. ఆ ఎనిమిదో సర్వరులో 2003 నుంచీ వాడకుండా వదిలేసిన పాత ప్రోగ్రాము ఒకటి కుంభకర్ణుడిలా నిద్రపోతున్నది. కొత్తదాన్ని లేపడానికి పెట్టుకున్న గుర్తు, ఒకప్పుడు ఈ పాతదాన్ని లేపిన గుర్తే!

ఆగస్టు 1వ తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు బజారు తెరిచారు. కుంభకర్ణుడు లేచాడు. వంద షేర్లు కొనమంటే వంద కొని ఆగాలిగదా? ఎన్ని కొన్నామో లెక్క చూసి ఆపే భాగాన్ని 2005లోనే అక్కణ్ణించి మార్చేశారు. అందుచేత పాత ప్రోగ్రాముకు చాలు అన్నమాట తెలియదు. ఖాతాదార్లు పంపినవి 212 చిన్న ఆర్డర్లు. 45 నిమిషాలలో వాటికోసం జరిగిన లావాదేవీలు 40 లక్షలు! కంగారుపడి, మంచి ప్రోగ్రామున్న ఏడు సర్వర్లనుంచీ దాన్నే తీసేశారు. దానితో ఒకచోట వున్న రోగం ఎనిమిది చోట్లకూ పాకింది. చివరికి నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి యేడు ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

ఇందులో నన్ను కలవరపెట్టినది ఆ మరుపు కాదు. ఆ ఉదయం ఎనిమిది గంటలనుంచి, బజారు తెరిచేలోగా, ఆ సంస్థ కంప్యూటర్లే తప్పు జరిగినట్టు సూచించే ఈమెయిళ్లు 97 పంపాయి. ఒకరికి కాదు, పలువురు వుద్యోగులకు. వాటిని హెచ్చరికలుగా యెంచే ఏర్పాటు లేదు, వచ్చినప్పుడల్లా చదివే అలవాటూ లేదు. పదిమందిలో పాము చావదని మనవాళ్లు వూరికే అన్నారా! యంత్రం తన మాట తాను చెప్పింది. వినవలసినవాడు ఫలానా అని ఎవరూ నిర్ణయించలేదు.

కాబట్టి పనంతా యంత్రానికి అప్పగించేస్తే పీడ విరగడవుతుందనుకోవడం తొందరపాటు. గిట్‌ల్యాబ్ అనే సంస్థ ప్రోగ్రాములు రాసేవారి రాతకోతలన్నీ దాచిపెడుతుంది. 2017 జనవరి 31 రాత్రి పొద్దుపోయాక అక్కడి ఇంజనీరు ఒకరు, ఒక సర్వరు అనుకుని మరో సర్వరులోని సమాచారం చెరిపేశాడు. పోనీ, రోజూ యంత్రమే నకళ్లు తీసే ఏర్పాటుందిగదా అని వెతికితే, ఆ నకళ్లు లేవు! రెండు ప్రోగ్రాముల వరస సంఖ్యలు పొసగక ఆ పని ఆగిపోయింది. ఆగిందని చెప్పే ఈమెయిళ్లనేమో అవతలి తపాలా యంత్రం లోపలికి రానివ్వక తిప్పికొట్టింది. ఆరుగంటల ముందు ఒక ఇంజనీరు వేరే అవసరానికి చేత్తో తీసి వుంచిన నకలే చివరికి ఆదుకున్నది. అయినా ఆ ఆరుగంటల సమాచారం కొంత దక్కకుండా పోయింది.

నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 28న, అమెజాన్ వంతు వచ్చింది. కొద్ది సర్వర్లను తప్పించబోయి ఒక వుద్యోగి ఆజ్ఞలో ఒకచోట తప్పు రాస్తే, చాలా సర్వర్లు తప్పుకున్నాయి. వాటిమీద ఆధారపడిన ఎన్నో సంస్థలకు కొన్ని గంటలపాటు పనులు స్తంభించాయి. తరవాత ఆ సంస్థ చేసిన మార్పు గమనించదగ్గది. సర్వర్లను తప్పించే పనిముట్టు యికపై నెమ్మదిగా పనిచేయాలనీ, వుండవలసిన కనీసపు సంఖ్యకు తగ్గేటట్లయితే మొరాయించాలనీ ఏర్పాటు చేసింది. యంత్రానికి వేగం నేర్పడం యెంత అవసరమో, ఆగడం నేర్పడమూ అంత అవసరమన్నమాట.

“ఇవన్నీ సరే మాస్టారూ, మావాడి వుద్యోగం వుంటుందా, వూడుతుందా?” అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆ భయం వట్టిదని నేననలేను. మెట్టుతరవాత మెట్టు ఎక్కించడమే వుద్యోగమైతే, ఆ వుద్యోగం యంత్రం పాలు కావడం ఖాయం. కాని అప్పగించేముందు, జరుగుతున్న పనేమిటో పూసగుచ్చినట్టు ఎవరో ఒకరు రాయాలి. అలా రాయబోతేనే, ఫలానా మెట్టు ఏ కాగితంమీదా లేదనీ, ఎవరో ఒక పాతకాపు బుర్రలో మాత్రమే వుందనీ బయటపడుతుంది. ఆయన సెలవులో వున్ననాడు ఆఫీసు గతేమిటి? ఏ మెట్టు ఎందుకు పెట్టారో, ఏది తీసేయవచ్చో, ఏది తీస్తే కొంప మునుగుతుందో తెలిసినవాడి అవసరం యంత్రం వచ్చాక పెరుగుతుందేగాని తగ్గదు.

అందుచేత ఈ వుద్యోగాలలో వున్న మా శిష్యులకు నేను చెప్పేది ఒక్కటే. పని అప్పగించేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మెట్టు తప్పితే ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాడు యేం చేయాలి? అంతా ఆపెయ్యమనే అధికారం ఎవరిది? మూడింటికీ ‘మా విభాగం’ అన్న జవాబు పనికిరాదు. మనిషి పేరు కావాలి, ఆ మనిషి లేనినాడు యింకొకరి పేరూ కావాలి.

పామును కొట్టే కర్ర యంత్రం చేతికి యిస్తే యివ్వండి. అది పామో తాడో చూసి చెప్పేదెవరో మాత్రం ముందుగానే రాసిపెట్టుకోండి.