మట్టిగోడకు మర్యాద

మన మెట్టపల్లెలలో నాలుగు డబ్బులు చేతబడిన గృహస్థు మొదట చేయు కార్యము తాతనాటి మట్టియింటిని పడగొట్టించుట. ఆ స్థలమున రెండంతస్తుల సిమెంటు మేడ లేచును. పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో పోవుదురు. వృద్ధదంపతులు క్రిందిగదిలో పంకా తిప్పుకొనుచు, మీది యంతస్తునకు తాళము వేసికొందురు. గంపలగూడెము మండలమందలి పెనుగొలనును మనసునందుంచుకొని మేమీ మాటలు వ్రాయుచున్నాము. పేరులోనే పెద్ద కొలనుగల యూరు. మామిడికిని తాడికిని పేరువడిన తిరువూరు సీమ. ఇట్టిచోట ఇంటికి వలసిన సామగ్రి పరస్థలమునుండి రానేల?

1936లో మహాత్ముడు వార్ధా చెంతనున్న సేగాఁవునకు నివాసము మార్చినపుడు అచట లేచినవి మట్టిగోడలు, వెదురుకప్పులే. 1940లో సేవాగ్రామమని పేరుమారిన ఆ పల్లెలో బాపూకుటి నేటికిని నిలిచియున్నది. ఐదుమైళ్ళలోపల దొరకు వస్తువులతోనే యిల్లు కట్టవలెనన్న మహాత్ముని భావమును లారీ బేకరను ఆంగ్లేయశిల్పి సూత్రముగ గైకొని, తిరువనంతపురమున స్థిరపడి, 2007లో కన్నుమూయువరకు తక్కువ వ్యయపు గృహముల నిర్మాణమునకే పాటుపడెను.

జగ్గయ్యపేట ప్రాంతమున సిమెంటు కార్ఖానాలున్నవిగదా, అదియును మన సున్నపురాయియే గదా యని కొందఱనవచ్చును. రాయి మనదే. కాని దానిని 1,450 డిగ్రీల వేడిమిలో కాల్చి, బస్తాలకెత్తి పంపునప్పటికి ఊరివారికి మిగులునది బస్తా మోసిన కూలి మాత్రమే. మానవుడు వాతావరణమునకు విడుచు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది వంతులు సిమెంటు తయారీనుండియే వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. మట్టిగోడకు పెట్టిన ప్రతిరూపాయి ఉప్పరివాని ఇంటికో, వడ్డెరవాని ఇంటికో, దూలము చెక్కిన వడ్రంగి ఇంటికో పోవును.

మట్టియనిన ఏ మట్టియైనను కాదు. నల్లరేగడి వానకుబ్బి యెండకు బీటలువారును. అది గోడకు పనికిరాదు. ఇసుకపాలు కలిసిన యెఱ్ఱమట్టిని తడిపి, గడ్డి కలిపి, త్రొక్కి, కొన్నినాళ్ళు నాననిచ్చి, వరుసవెంబడి వరుస పెట్టవలెను. క్రిందివరుస ఆరక మీదిది పెట్టినచో గోడ క్రుంగును. రాతిపునాదిని నేలకు మోకాలెత్తు లేపి, చూరును బాగుగ బయటికి దింపినచో మామూలు వాన గోడనంటదు. ముదిరిన తాటిదూలము, గూనపెంకు, గానుగసున్నము, ముందొక అరుగు, వెనుక వసారా. గదులు ఎందఱుందురో అందఱికి చాలినన్ని. మూరెడు మందపు గోడ పగటివేడిని లోనికి వెంటనే పోనీయదు. రోహిణికార్తెలో ఈ మాట విలువ మెట్టసీమవారికి మేము చెప్పనక్కఱలేదు.

నిప్పునకు తాటాకు లోబడునన్నది నిజము; కనుకనే పెంకు మేలందుము. ఏటేట అలుకుట శ్రమయన్నదియు నిజమే. ఆ శ్రమ ఆడువారిమీదనే పడినచో మట్టియింటిని వారేల కోరుదురు? ఇక 2024 సెప్టెంబరులో బుడమేటి వరద విజయవాడను ముంచిన విధము చూచినవారు, నీరు నిలుచు పల్లమున మట్టిగోడ వద్దందురు. మేమును వద్దనియే యందుము.

అయితే మట్టిగోడను చంపుచున్నది వరదకన్న ముందు ఒక మాట. మట్టియిల్లు కచ్చా, సిమెంటుది పక్కా అని లోకమునకు వాడుకయైనది. 2011 జనాభా లెక్కలయందును మట్టిగోడ తాత్కాలికపు పద్దులోనే చేరినది. దొరతనమువారే తాత్కాలికమన్నదానిని పేదవాడు పరువుగలదని యెట్లు తలచును? పేదవానికి నిరాడంబరత బోధించుట సులభము. అతడు మేడ కోరుటలో తప్పులేదు. మట్టిగోడకు మర్యాద తేగలవాడు ఊరిలో పదియెకరములున్న ఆసామియే. అతడు కట్టినదానిని నలుగురు చూతురు. అట్లని దూరదేశపు పాలరాయి పఱచి, సిమెంటు గోడకు మట్టిరంగు పూసి, దానికి ప్రకృతిగృహమని పేరిడు పట్టణపు వేడుకను మేము కోరుట లేదు.

గోడ పెట్టుట తెలిసిన చేతులు ఏటేట తగ్గుచున్నవి. ఇల్లు కట్టు తలంపు గల ఆసాములు సంక్రాంతి దాటగనే అట్టి వృద్ధుని పిలిపించి, తగిన కూలి యిచ్చి, ముందు పశువులకొట్టమునకైనను ఒక గోడ పెట్టించి చూతురుగాక. ఇంటి కుఱ్ఱవానిని ఆయన ప్రక్కన మట్టి త్రొక్కుటకు నిలుపుదురుగాక.